సెన్సార్ కాన్ఫిగ్ స్క్రిప్ట్ రాసిస్తుంది, ఫ్యాన్ పీకి చూసే పని మాత్రం మనదే

పోయిన ఏడాది మే నెల. మధ్యాహ్నం మూడు గంటలు. కారంపూడిలో మా ఇంట్లో కూర్చుని ఆఫీస్ కాల్‌లో ఉన్నా. బాబాయ్ ఫోన్. "ఏరా, బిల్లులు ఓపెన్ అవట్లేదు. ఊరికే తిరుగుతా ఉంది" అన్నాడు. కాల్ మ్యూట్‌లో పెట్టి సర్వర్ డాష్‌బోర్డ్ చూశా. అన్నీ పచ్చగా ఉన్నాయి. సీపీయూ 61 డిగ్రీలు, ఫ్యాన్ తిరుగుతోంది, వోల్టేజీలు బానే ఉన్నాయి. "సర్వర్‌కి ఏం కాలేదు బాబాయ్, నీ వైఫై ఒకసారి చూడు" అని పెట్టేశా.

సాయంత్రం కొట్టుకెళ్లి చూస్తే క్యాబినెట్ మీద చెయ్యి పెట్టలేకపోయా. హార్డ్ డిస్క్ 63 డిగ్రీలు. చాలా డెస్క్‌టాప్ డిస్క్‌లకు కంపెనీలు ఇచ్చే గరిష్ఠ పరిమితి 60. డిస్క్ ముందు ఉండే ఫ్యాన్ బేరింగ్ బిగుసుకుపోయి ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో నాకు తెలీదు. ఎందుకంటే ఆ ఫ్యాన్‌ను పట్టించుకోవద్దని నా మానిటరింగ్‌కి నేనే చెప్పా. నేను అంటే, నేను రాసిన స్క్రిప్ట్.

ఈ సైట్‌లో ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి చదువుతారు కదా, ఈ సర్వర్ గోల ఏంటి అనుకోకండి. పాత డెస్క్‌టాప్‌నో మినీ పీసీనో ఇంట్లో సర్వర్‌లా వాడేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఫొటోల బ్యాకప్‌కి, సీసీ కెమెరా రికార్డింగ్‌కి, చిన్న షాపుల బిల్లింగ్‌కి వాడుతున్నారు. ఫోన్‌లో కూడా ఇలాంటి సెన్సార్లు పది పైనే ఉంటాయి. కానీ ఏది బ్యాటరీ, ఏది ప్రాసెసర్, ఏది ఎంత వేడెక్కితే స్పీడ్ తగ్గించాలి అనేది ఫోన్ కంపెనీ ముందే రాసి పెడుతుంది. మనం కట్టుకున్న పీసీకి ఆ పని చేసేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ ఫైల్ మనమే రాసుకోవాలి, లేదా ఏదో ఒక టూల్‌తో రాయించుకోవాలి.

అసలు ఆ ఫైల్‌లో ఏముంటుంది?

లైనక్స్‌లో దీనికి ఎక్కువమంది వాడేది ఎల్ఎం-సెన్సర్స్. అందులో సెన్సర్స్-డిటెక్ట్ అనే స్క్రిప్ట్ ఉంటుంది. రన్ చేస్తే ప్రశ్నలు అడుగుతుంది. ఈ బస్ వెతకనా, ఆ చిప్ వెతకనా అని. అవును అవును అంటూ పోతే చివర్లో ఏ చిప్‌లు దొరికాయో, వాటికి ఏ కర్నెల్ మాడ్యూల్ కావాలో చెప్పి, ఒప్పుకుంటే ఆ పేర్లు రాసిపెడుతుంది. చాలామంది ఇక్కడితో పని అయిపోయింది అనుకుంటారు. నేనూ అనుకున్నా.

ఈ స్క్రిప్ట్ ఊరికే ప్రశ్నలు అడగదు. 2000ల మొదట్లో కొన్ని ఐబీఎం థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లలో ఇలా బస్ మీద వెతికే క్రమంలోనే ఒక చిన్న మెమరీ చిప్‌లోని డేటా చెడిపోయి, ఆ ల్యాప్‌టాప్‌లు బూట్ కాకుండా పోయాయి. కేవలం చదవడానికి వెళ్లి మెషీన్‌ను పడుకోబెట్టిన చరిత్ర ఉంది కాబట్టే ఇప్పుడంత జాగ్రత్త.

సరే, చిప్ దొరికింది. తర్వాత? చిప్‌కి పిన్నులు ఉంటాయి. ఏ పిన్‌కి ఏ వైరు వెళ్తుందో మదర్‌బోర్డు డిజైన్ చేసినవాళ్లకే తెలుసు. మన బోర్డుల్లో ఎక్కువగా కనపడే నువోటాన్ చిప్‌నే తీసుకోండి. దాని వోల్టేజీ ఇన్‌పుట్‌లు కొలవగలిగేది దాదాపు 2 వోల్ట్‌ల వరకే. మరి 12 వోల్ట్‌ల లైన్ ఎలా కొలవాలి? బోర్డు మీద రెండు రెసిస్టర్లు పెట్టి, వోల్టేజీని భాగించి చిప్‌కి ఇస్తారు. తిరిగి ఎంతతో గుణించాలో కాన్ఫిగ్ ఫైల్‌లో 'కంప్యూట్' అనే లైన్‌లో రాయాలి. ఆ రెసిస్టర్ల విలువ సాఫ్ట్‌వేర్‌కి కనపడదు. అందుకే అదే చిప్ ఉన్న ఇంకో బోర్డు కాన్ఫిగ్ కాపీ కొడితే 12 వోల్ట్‌ల లైన్ 10 చూపించొచ్చు, 14 చూపించొచ్చు. పవర్ సప్లై పోయిందని కొత్తది కొనేవాళ్లు కూడా ఉంటారు!

టెంపరేచర్‌దీ అదే కథ. చిప్‌లో నాలుగైదు టెంపరేచర్ ఇన్‌పుట్‌లు ఉంటాయి. బోర్డు కంపెనీ రెండే వాడుకుంటే మిగతావి గాల్లో వేలాడుతుంటాయి. అవి 127 డిగ్రీలనో, మైనస్ 60 అనో చూపిస్తాయి. వాటిని 'ఇగ్నోర్' అని రాసి పక్కన పెట్టాలి. 'లేబుల్' లైన్‌తో పేర్లు పెట్టాలి, 'సెట్' లైన్‌తో లిమిట్లు పెట్టాలి. సెన్సర్స్-డిటెక్ట్ ఈ నాలుగిట్లో ఒక్కటి కూడా మన బోర్డు కోసం రాయదు. ప్యాకేజీతో వచ్చే ఫైల్‌లో ఉండేది చిప్‌ని బట్టి రాసిన సాధారణ సెట్టింగ్స్ మాత్రమే.

నేను చేసిన తెలివైన పని

సంక్రాంతి సెలవుల్లో బాబాయ్ కొట్టులో ఈ బాక్స్ సెట్ చేశా. ఎరువులు, పురుగుమందుల కొట్టు అది. నెట్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు కాబట్టి బిల్లింగ్ లోకల్‌గానే ఉండాలి. పాత డెస్క్‌టాప్, రెండు ఫ్యాన్లు, ఒక హార్డ్ డిస్క్, ఇన్వర్టర్. లైన్లన్నీ చేత్తో రాయడం ఎందుకని పైథాన్‌లో నలభై లైన్ల స్క్రిప్ట్ రాశా. అది కర్నెల్ చూపించే సెన్సార్లన్నీ చదివి, ఎల్ఎం-సెన్సర్స్ కాన్ఫిగ్ ఒకటి, ప్రోమీథియస్ అలర్ట్ ఫైల్ ఒకటి తయారు చేస్తుంది. చాలా ముచ్చటగా అనిపించింది. అందులో ఒక రూల్ ఏంటంటే: టెంపరేచర్ 120 దాటి చూపిస్తే ఇగ్నోర్ చెయ్, ఫ్యాన్ స్పీడ్ సున్నా ఉంటే అక్కడ ఫ్యాన్ లేనట్టే, ఇగ్నోర్ చెయ్.

మొదటి సగంలో తప్పు లేదు. రెండో సగంలోనే ఉంది. జనవరి ఉదయం మా ఊళ్లో చలిగానే ఉంటుంది. బయోస్‌లో 'చల్లగా ఉంటే ఫ్యాన్ ఆపెయ్' అనే ఆప్షన్ ఆన్‌లో ఉంది. స్క్రిప్ట్ రన్ చేసిన ఆ పది సెకన్లలో డిస్క్ ముందున్న ఫ్యాన్ 2 ఆగి ఉంది. స్పీడ్ సున్నా. స్క్రిప్ట్ దాన్ని లెక్కలోంచి తీసేసింది. డిస్క్ టెంపరేచర్ సంగతి చూద్దామా అంటే, డ్రైవ్‌టెంప్ అనే మాడ్యూల్ ఉంటే గానీ సాటా డిస్క్ వేడి కర్నెల్ సెన్సార్ల లిస్టులోకి రాదు. అది 5.6 కర్నెల్ నుంచి, అంటే 2020 నుంచి ఉంది. కానీ మనం లోడ్ చేసుకోవాలి. ఆ రోజు నేను చేయలేదు. కాబట్టి నా ఫైల్ దృష్టిలో ఆ బాక్స్‌లో రెండో ఫ్యాన్ లేదు, డిస్క్‌కి వేడి అనేదే లేదు. నెలల తరబడి పచ్చగా ఉందంటే ఉండదా మరి!

నష్టం ఎంత అంటే, డబ్బుల్లో పెద్దది కాదు. బ్యాకప్ ప్రతి ఆదివారం పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లేది. డిస్క్ పోయింది గురువారం. నాలుగు రోజుల ఎంట్రీలు పోయాయి. కానీ మే నెలలో మా వైపు ఎరువుల కొట్లో నాలుగు రోజులంటే ఏంటో తెలిసినవాళ్లకి తెలుస్తుంది. మిర్చి అమ్ముకుని రైతులు పాత బాకీలు కట్టే టైమ్ అది. ఎవరు కట్టారు, ఎంత కట్టారు, ఇంకా ఎంత మిగిలింది అనేది ఆ ఎంట్రీల్లోనే ఉంది. కోడిపందెం దగ్గర మొదలై యుద్ధం దాకా వెళ్లిన కథకు యుద్ధభూమి మా ఊరే. బాకీ కట్టేసిన మనిషి దగ్గరికెళ్లి మళ్లీ కట్టమంటే ఊరుకుంటాడా? చివరికి పిన్ని రసీదు పుస్తకంలో కార్బన్ కాపీలు ముందేసుకుని, రెండు రాత్రులు కూర్చుని అన్నీ మళ్లీ ఎక్కించింది. కార్బన్ సరిగా పడని రసీదులు మూడు ఉన్నాయి. ఆ ముగ్గురినీ బాబాయ్ అడగలేదు, వాళ్లు చెప్పిందే రాసుకున్నాడు. నన్నూ ఏమీ అనలేదు. అంటే బావుండేది అనిపించింది.

చేత్తోనే రాయాలా?

ఇది చదివి "అందుకే ఆటోమేటిక్‌గా జనరేట్ చేయకూడదు, చేత్తో రాసుకోవాలి" అనే వాళ్లు ఉంటారు. నా అభిప్రాయం అది కాదు. చేత్తో రాస్తే ఇంకా ఎక్కువ తప్పులు వస్తాయి. కర్నెల్ టెంపరేచర్‌ని డిగ్రీలో వెయ్యో వంతు లెక్కలో ఇస్తుంది, 45 డిగ్రీలంటే 45000. ఒక చోట 45, ఇంకో చోట 45000 రాసి, రాత్రంతా అలర్ట్‌లతో ఫోన్ మోగించుకున్న అనుభవం నాకు ఆఫీసులోనే ఉంది. హెచ్‌డబ్ల్యూమాన్ నంబర్లు కూడా రీబూట్ అయితే మారిపోవచ్చు. నిన్న 2 అన్నది ఇవాళ 3 అవ్వొచ్చు. ఫ్యాన్‌కంట్రోల్ అనే టూల్ ఇందుకే తన కాన్ఫిగ్‌లో ఆ నంబర్‌తో పాటు డివైస్ పేరు, పాత్ కూడా రాసుకుంటుంది. అవి కలవకపోతే ఫైల్ పాతబడింది, మళ్లీ జనరేట్ చెయ్యమని ఆగిపోతుంది. తెలియనప్పుడు ఆగిపోవడం మంచి లక్షణం. నా స్క్రిప్ట్‌కి లేనిది అదే.

పెద్ద కంపెనీలు కూడా జనరేటే చేస్తాయి. విశాఖలో గూగుల్ ఏఐ హబ్ గురించి 2025 అక్టోబర్‌లో ప్రకటన వచ్చింది, ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు అన్నారు. అంత పెద్ద డేటా సెంటర్‌లో ఎవరు కూర్చుని ఒక్కో సర్వర్‌కీ ఫైల్ రాస్తారు? సర్వర్ బోర్డుల్లో మెయిన్ ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా పనిచేసే చిన్న కంప్యూటర్ ఒకటి ఉంటుంది, దాన్ని బీఎంసీ అంటారు. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా అది సెన్సార్లు చదువుతూనే ఉంటుంది. దానికి ఓపెన్‌బీఎంసీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. 2018 నుంచి లైనక్స్ ఫౌండేషన్ ప్రాజెక్ట్.

ఓపెన్‌బీఎంసీలో సెన్సార్ కాన్ఫిగ్ తయారయ్యే పద్ధతి చూస్తే నాకు నా తప్పు అర్థమైంది. ఐబీఎం వాళ్ల మెషీన్లకు బోర్డు డిజైన్ మొత్తం ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో ఉంటుంది. ఏ బస్ మీద ఏ అడ్రస్‌లో ఏ సెన్సార్ ఉంది, దాని పేరేంటి, వార్నింగ్ ఎక్కడ, క్రిటికల్ ఎక్కడ అని. స్క్రిప్ట్ అది చదివి ఒక్కో సెన్సార్‌కి కాన్ఫిగ్ రాస్తుంది. తర్వాత వచ్చిన ఎంటిటీ మేనేజర్ ఇంకో అడుగు ముందుకెళ్లింది. ప్రతి బోర్డు మీదా, ప్రతి కార్డు మీదా తన పేరు చెప్పే చిన్న మెమరీ చిప్ ఉంటుంది. ఎంటిటీ మేనేజర్ ఆ పేరు చదివి, ఆ పేరుకి సరిపోయే జేసన్ ఫైల్ తీసి, అందులో ఉన్న సెన్సార్లనీ లిమిట్లనీ అమల్లోకి తెస్తుంది. కార్డు మార్చితే కాన్ఫిగ్ కూడా దాంతో పాటే మారుతుంది.

రెండిట్లోనూ ఒక విషయం గమనించండి. స్క్రిప్ట్‌కి సమాచారం వచ్చేది బోర్డు తయారు చేసినవాళ్ల దగ్గర నుంచి. ఆ నిమిషంలో సెన్సార్ ఎంత చూపిస్తోంది అనే దాని నుంచి కాదు. నేను మాత్రం జనవరిలో ఒక ఉదయం పది సెకన్లు చూసి, ఆ బాక్స్‌లో ఏముందో ఏం లేదో స్క్రిప్ట్‌నే తేల్చేయమన్నా.

ఏఐని అడిగి కాన్ఫిగ్ రాయించుకునే వాళ్లకి కూడా ఇదే చెప్తా. లైన్లు చక్కగా వస్తాయి, లేబుల్స్ అందంగా ఉంటాయి. మీ బోర్డు మీద రెసిస్టర్ ఎంతో, మీ ఫ్యాన్ 2 ఏ కనెక్టర్‌లో ఉందో దానికి మీరు చెప్తే తప్ప తెలీదు.

ఇప్పుడు ఎలా చేస్తున్నా

కొత్త డిస్క్ వేశాక ముందు కీబోర్డ్ కాదు, స్క్రూడ్రైవర్ పట్టుకున్నా. బయోస్‌లో ఫ్యాన్ ఆపే ఆప్షన్ తీసేసి రెండూ తిరిగేలా చేశా. ఒక్కో ఫ్యాన్ కనెక్టర్ పది సెకన్లు పీకి, స్క్రీన్ మీద ఏ నంబర్ సున్నాకి పడుతుందో చూసి కాగితం మీద రాసుకున్నా. ఇదే పనిని పీడబ్ల్యూఎం-కాన్ఫిగ్ అనే టూల్ కూడా చేస్తుంది, ఒక్కో ఫ్యాన్‌కి స్పీడ్ తగ్గించి ఏది నెమ్మదిస్తుందో చూస్తుంది. నాకు మాత్రం చేత్తో పీకితేనే నమ్మకం. ఆ కాగితాన్ని చిన్న టేబుల్‌గా టైప్ చేశా. బోర్డు పేరు, కనెక్టర్, అక్కడ ఏముంది. స్క్రిప్ట్ ఇప్పుడు ఆ టేబుల్ చూసి మాత్రమే కాన్ఫిగ్ రాస్తుంది. టేబుల్‌లో ఉన్నది మెషీన్‌లో కనపడకపోతే ఫైల్ రాయకుండా ఆగిపోతుంది. మెషీన్‌లో ఉన్నది టేబుల్‌లో లేకపోతే 'ఇదేంటో చెప్పు' అని అడుగుతుంది. తనంతట తాను ఇగ్నోర్ అని ఒక్క లైన్ కూడా రాయదు.

ఫ్యాన్ అలర్ట్ కూడా మార్చా. స్పీడ్ సున్నా అయితే అని కాకుండా, 'తిరగమని కరెంట్ ఇస్తున్నాం, కానీ తిరగట్లేదు' అన్నప్పుడు అలర్ట్ వస్తుంది. ఫ్యాన్‌కి ఇచ్చే పీడబ్ల్యూఎం విలువ 0 నుంచి 255 దాకా ఉంటుంది. అది 80 దాటి ఉండి ఫ్యాన్ సున్నా చూపిస్తే తప్పు జరిగినట్టే. ఇలా అయితే చలికాలం ఆపే ఆప్షన్ మళ్లీ ఆన్ చేసినా ఇబ్బంది లేదు. ఇంకోటి, సెన్సార్ రీడింగే రాకపోతే అలర్ట్. చాలామంది ఇది మర్చిపోతారు. రీడింగ్ లేకపోతే లిమిట్ దాటే ప్రసక్తే లేదు కదా, మాడ్యూల్ లోడ్ కాని రోజు డాష్‌బోర్డ్ ఇంకా ప్రశాంతంగా ఉంటుంది.

లిమిట్ల విషయంలో మాత్రం కొంచెం ఎక్కువ కష్టపడ్డా. సర్వర్ రూమ్‌లకు ఆష్రే అనే సంస్థ సిఫార్సు చేసే గాలి వేడి 18 నుంచి 27 డిగ్రీలు. పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో దొరికే లిమిట్లన్నీ దాదాపు అలాంటి గదిని మనసులో పెట్టుకుని రాసినవే. మా పక్కన రెంటచింతల పేరు ప్రతి ఎండాకాలం వార్తల్లో వింటూనే ఉంటారు, 45 దాటిందని. బాబాయ్ కొట్టు వెనక గదిలో ఏసీ లేదు, మేలో లోపల 40 మామూలే. లండన్‌లో 2022 జులై 19న ఎండ 40 డిగ్రీలు తాకితే గూగుల్, ఒరాకిల్ డేటా సెంటర్లలోనే కూలింగ్ దెబ్బతిని సర్వీసులు ఆగాయి. మనకి 40 అంటే ఒక మామూలు మంగళవారం.

అందుకని డిస్క్‌కి 50 అని లిమిట్ పెడితే ఏప్రిల్ నుంచి జూన్ దాకా అలర్ట్‌లే. నాలుగు రోజులు చూసి విసుగొచ్చి మ్యూట్ చేస్తాం. 60 అని పెడితే చలికాలం ఫ్యాన్ ఆగినా తెలీదు. కొన్ని వందల రూపాయల్లో డీఎస్18బీ20 సెన్సార్, చిన్న ఈఎస్‌పీ బోర్డు తెచ్చి గది వేడి కూడా కొలవడం మొదలుపెట్టా. డిస్క్ వేడిలోంచి గది వేడి తీసేసి చూస్తున్నా. మే చివర్లో కొత్త ఫ్యాన్‌తో గది 40, డిస్క్ 58, తేడా 18. ఈ జనవరిలో గది 22, డిస్క్ 39, తేడా 17. డిస్క్ పోయిన రోజు గది 39, డిస్క్ 63, తేడా 24. ఇప్పుడు తేడా 21 దాటితే అలర్ట్, ఏ నెల అయినా సరే. దీనితో పాటు 60 అనే గట్టి లిమిట్ ఎలాగూ ఉంటుంది. 58కి 60కి మధ్య రెండు డిగ్రీలే ఉందని నాకూ తెలుసు. అది కాన్ఫిగ్‌తో పోయే సమస్య కాదు, గదికి కిటికీ పెట్టించాలి.

ఇక మన రివ్యూల సంగతి. మదర్‌బోర్డు రివ్యూలో లైటింగ్ గురించి పది లైన్లు రాస్తాం. మినీ పీసీ రివ్యూలో గేమ్ ఆడితే ఎన్ని డిగ్రీలు అని విండోస్‌లో కంపెనీ యాప్ చూపించే నంబర్ రాస్తాం. ఆ బోర్డులో సెన్సార్ చిప్ ఏది, లైనక్స్‌లో ఫ్యాన్ స్పీడ్ కనపడుతుందా, కంపెనీ ఏ ఇన్‌పుట్ దేనిదో ఎక్కడైనా రాసిందా అనేది ఎవరం రాయం. కొన్ని బోర్డుల వివరాలు వాడేవాళ్లే కనిపెట్టి కర్నెల్ డ్రైవర్లలో బోర్డు పేరుతో సహా టేబుల్స్ రాశారు, ఎల్ఎం-సెన్సర్స్ ప్రాజెక్ట్‌లోనూ బోర్డుల వారీగా ఫైళ్ల ఫోల్డర్ ఉంది. తయారు చేసిన కంపెనీ ఒక పేజీలో చెప్పేయగలిగినదాన్ని కొనుక్కున్నవాళ్లు సాయంత్రాలు ఖర్చుపెట్టి కనిపెట్టాల్సి రావడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. డబ్బులిచ్చి కొన్న బోర్డు అది. ఎలుకకి డీపీఐ ఎంతో బాక్స్ మీద ప్రింట్ చేస్తారు, 12 వోల్ట్‌ల రెసిస్టర్ విలువ మాత్రం రహస్యం.

నా వరకు నేను ఇక్కడ రాసే మినీ పీసీ, మదర్‌బోర్డు రివ్యూల్లో ఇకనుంచి ఆ ఒక్క పేరా తప్పకుండా పెడతా: చిప్ పేరు, లైనక్స్‌లో ఏవి కనపడ్డాయి, ఏవి గాల్లో వేలాడుతున్నాయి, ఫ్యాన్ పీకితే ఏ నంబర్ పడింది. మీ దగ్గర ఇంట్లో సర్వర్ ఉంటే ఒక ఆదివారం మీరూ ఫ్యాన్ పీకి చూడండి. ఐదు నిమిషాల్లో ఫోన్‌కి అలర్ట్ రాకపోతే మీ ఫైల్‌లో ఆ ఫ్యాన్ లేనట్టే.

బాబాయ్ ఇప్పుడు క్యాబినెట్ తలుపు తీసి ఉంచాడు, రెండు ఫ్యాన్ల మీదా తెల్ల పెయింట్ చుక్క పెట్టాడు, తిరుగుతున్నాయో లేదో దూరం నుంచి కనపడాలని. రోజూ పొద్దున కొట్టు తెరవగానే అగరబత్తి వెలిగించి, ఆ రెండు చుక్కలూ చూసి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నాడు. నా అలర్ట్‌లు ఉన్నాయిగా బాబాయ్ అంటే, "ఉండనీరా, అవీ ఉండనీ" అన్నాడు.